లింబాయత్‌లో కొత్త కాపురం: దూరం నుంచి వచ్చిన భార్యకు సూరత్‌ను ఎలా అలవాటు చేయాలి?

అమెరికా వెళ్లే అమ్మాయి గురించి మనవాళ్లు ఎంతైనా ఆలోచిస్తారు. హెచ్-4 వీసా మీద ఉద్యోగం చేయొచ్చా, చలికి ఏ కోటు కొనాలి, కుక్కర్ ఏ పెట్టెలో సర్దాలి అని ఇంటిల్లిపాదీ చర్చ పెడతారు. 2015లో హెచ్-4 మీద ఉన్న భార్యల్లో కొందరికి పని చేసుకునే అనుమతి వచ్చినప్పుడు ఆ సంగతి అమెరికా ముఖం చూడని ఇళ్లలో కూడా తెలిసిపోయింది. అదే సిరిసిల్ల నుంచో పరకాల నుంచో సూరత్‌కు కాపురానికి వెళ్లే అమ్మాయికి చెప్పేది ఒక్కటే మాట: "అక్కడంతా మనోళ్లే ఉన్నరు, భయం లేదు."

ఆ మాట అబద్ధం కాదు. మగ్గం పని, తర్వాత సాంచాల (మరమగ్గాల) పని చేతికి వచ్చిన పద్మశాలీ కుటుంబాలు కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి షోలాపూర్‌కు, భివండీకి, సూరత్‌కు తరాలుగా తరలి వస్తూనే ఉన్నాయి. సూరత్‌లోని లింబాయత్‌లో, దాని చుట్టుపక్కల తెలుగు వినిపించే గల్లీలు బోలెడు. కిరాణా కొట్టులో తెలుగు నడుస్తుంది. సూరత్ నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక బడుల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది. కొత్తగా వచ్చిన అమ్మాయి ఒక్క గుజరాతీ ముక్క రాకుండా పదేళ్లు గడిపేయగలదు.

చిక్కంతా అక్కడే ఉంది. భయం లేకుండా చేసిన ఆ గల్లీయే ఆమెను కట్టిపడేస్తుంది. దేశం దాటలేదు కాబట్టి ఆమెది వలస అని ఎవరికీ తోచదు. కానీ భాష మారింది, లిపి మారింది, పప్పు రుచి మారింది, కాగితం మీద పేరు రాసే పద్ధతి మారింది, సంవత్సరాది కూడా మారింది. వీసా ఒక్కటే అడగలేదు.

కింద రాసిన మెట్లు ఆమెకోసం కాదు. ఆమెను తీసుకొచ్చే భర్తకు, అత్తమ్మకు, పక్కింటి అక్కకు. కొలత మాత్రం మొదటి నుంచి చివరిదాకా ఒక్కటే పెట్టుకోండి: ఆమె ఒంటరిగా గడప దాటి ఎంత దూరం వెళ్లి, పని చూసుకుని, తిరిగి రాగలదు? ఆ దూరం నెలనెలా పెరుగుతుంటే మీరు సరిగానే చేస్తున్నట్టు. గల్లీ చివర ఆగిపోయిందంటే ఎంత ప్రేమగా చూసుకున్నా ఏదో మెట్టు తప్పింది.

మొదటి మెట్టు: రైలు ఎక్కకముందే కాగితాలు

ఇది విసుగు పని. కానీ సూరత్ వచ్చాక చేయాలంటే ప్రతిదానికీ ఊరికి పోయి రావాలి, పోయినన్ని రోజులు పగార్ పోతుంది.

పెళ్లి నమోదు చేయించండి. ఉమ్మడి రాష్ట్రంలో 2002లోనే దాన్ని తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చినా, లగ్నపత్రిక ఉంటే చాలనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ ధ్రువపత్రం చేతిలో ఉంటే ఆధార్‌లో చిరునామా మార్చడం తేలిక. 2023 నుంచి ఇంటి పెద్ద ఆధార్ ఆధారంగా, బంధుత్వం రుజువు చూపించి, చిరునామాను ఆన్‌లైన్‌లోనే మార్చుకునే వీలు వచ్చింది. అద్దె గదిలో ఉండే కుటుంబానికి ఇది పెద్ద వెసులుబాటు. ఇంటిపేరు మార్చాలా అని అడుగుతారు. అక్కర్లేదు. పెళ్లయినంత మాత్రాన ఆధార్‌లో పేరు మార్చి తీరాలన్న నియమం ఏదీ లేదు. మార్చిన ప్రతిచోటా ఇంకో రెండుచోట్ల మార్చాల్సి వస్తుంది.

రేషన్ కార్డులో ఆమె పేరు పుట్టింటి కార్డు నుంచి తీయించి మీ కార్డులో ఎక్కించే పని కూడా ఊళ్లోనే మొదలుపెట్టండి. ఆహార భద్రత చట్టం కింద ఇచ్చిన కార్డు, ఆధార్‌తో ముడిపడి ఉంటే, దేశంలో ఏ రేషన్ దుకాణంలోనైనా వేలిముద్ర వేసి ధాన్యం తీసుకోవచ్చు. ఊళ్లో ఉన్న మీ అమ్మానాన్నలు తమ వంతు అక్కడ, మీరు మీ వంతు ఇక్కడ తీసుకునే వీలు కూడా ఉంది.

ఇక పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ. ఇవి దాదాపు ఎప్పుడూ పుట్టింటి బీరువాలోనే ఉండిపోతాయి. "ఇంకెందుకు తియ్" అంటారు. అసలు కాగితాలే తెప్పించండి. చీరల పెట్టె తేలికైనా ఫరవాలేదు.

రెండో మెట్టు: గది, పాలీ, నిద్ర

చాలా మగ్గాల ఖాతాల్లో (కార్ఖానాల్లో) పాలీ, అంటే షిఫ్టు, పన్నెండు గంటలది. రాత్ పాలీ చేసిన మనిషి పొద్దున ఇంటికి వచ్చి, ఇంత తిని, తలుపు దగ్గరికేసి పడుకుంటాడు. ఇల్లంటే చాలామందికి ఒక్క గది. ఇప్పుడు ఆ గదిలో ఆమె సంగతి ఆలోచించండి. గిన్నె చప్పుడు కాకూడదు, మిక్సీ వేయకూడదు, లైటు వేయకూడదు, అమ్మతో ఫోన్‌లో గొంతెత్తకూడదు. బయటికి పోదామంటే ఎక్కడికి పోవాలో తెలియదు. సాయంత్రం అతను టిఫిన్ డబ్బా పట్టుకుని ఖాతాకు పోతాడు. రాత్రంతా మళ్లీ ఆమె ఒక్కతే. పొద్దంతా మనిషి ఉన్నా మాట లేదు, రాత్రి మాట్లాడదామంటే మనిషి లేడు.

కొత్త కోడలు "ముభావంగా ఉంటుంది", "కలవడం లేదు" అని అత్తగారింట్లో వినిపించే ఫిర్యాదుల్లో సగం ఈ పాలీ వల్ల పుట్టినవే అని నా అభిప్రాయం. స్వభావాన్ని తప్పుపట్టే ముందు గది కొలతలు చూడాలి.

కాబట్టి గది వెతికేటప్పుడే నాలుగు విషయాలు చూడండి. తలుపు ముందు కూర్చునే ఓట్లా (అరుగు) గానీ గ్యాలరీ గానీ ఉందా? పగలు ఆమె అక్కడ కూరగాయలు తరుక్కోవచ్చు, నలుగురితో మాట్లాడొచ్చు. నల్లా ఎన్నింటికి వస్తుంది, మరుగుదొడ్డి సొంతమా నలుగురిదా? మాంసం వండుకోనిస్తారా? కొన్ని సొసైటీల్లో ఒప్పుకోరు, అడ్వాన్స్ ఇచ్చాక తెలిస్తే ఇద్దరికీ అవమానం. ఖాడీ, అంటే వాగు, ఎంత దూరం? 2006 ఆగస్టులో తాపీ నది ఊరినే ముంచింది గానీ, లింబాయత్, పర్వత్ పాటియా వైపు వాళ్లకు ఏటా భయం నదితో కాదు, మీఠీ ఖాడీతో. కింది గది అద్దె తక్కువ ఎందుకో వానాకాలంలో అర్థమవుతుంది. పై అంతస్తు దొరకకపోతే, కాగితాలన్నీ ప్లాస్టిక్ సంచిలో పెట్టి అటక మీద ఉంచే అలవాటు మొదటి రోజే చేయండి.

రాత్ పాలీ వారాల్లో ఆమెకు పగలు రెండు మూడు గంటలు వెళ్లడానికి ఒక చోటు ఉండాలి. కుట్టు క్లాసు కావచ్చు, గుడి కావచ్చు, రోజూ ఒకే పిన్నమ్మ ఇల్లు కాకపోతే మంచిది. రుబ్బేవీ పొడి కొట్టేవీ ముందు రోజు సాయంత్రమే కానిచ్చేయండి. ఒకసారి ఆమెను మీ ఖాతా గుమ్మందాకా తీసుకెళ్లి చూపించండి. మాస్టర్ నంబరు ఆమె ఫోన్‌లో ఉండాలి. భర్త రోజుకు పన్నెండు గంటలు ఉండే చోటు ఏ దిక్కున ఉందో తెలియకుండా కాపురం చేస్తున్న ఆడవాళ్లు ఉన్నారు ఇక్కడ.

మూడో మెట్టు: పొయ్యి

మొదటి నెల ఆమె నోటికి నచ్చిందే వండుకోనివ్వండి. సూరత్ రుచులకు తొందరేం లేదు.

బియ్యం బస్తా మోసుకురావాల్సిన పని లేదు. ఇక్కడి సూర్తీ కోలమ్ సన్నగా, తేలిగ్గా ఉంటుంది, మనకు త్వరగానే అలవాటవుతుంది. కందిపప్పు దగ్గర మాత్రం కొత్తవాళ్లు తడబడతారు. గుజరాత్‌లో నూనె పట్టించిన కందిపప్పు అమ్ముతారు, పురుగు పట్టకుండా. అది జిడ్డుగా ఉంటే పాడైందనుకుని పారేయకండి. గోరువెచ్చని నీళ్లతో రెండు మూడుసార్లు కడిగి వండాలి. నూనె వద్దనుకుంటే కొట్లో "కోరీ దాళ్" అని అడగాలి. పొరుగింటి పప్పులో బెల్లం తగిలితే ముఖం చిట్లించొద్దని ముందే చెప్పి ఉంచండి. మన పప్పులో కారం తగిలినప్పుడు వాళ్ల ముఖాలూ అలాగే ఉంటాయి.

గోంగూరను మరాఠీ కూరగాయలావిడ దగ్గర అంబాడీ అని అడిగితే దొరుకుతుంది. కరివేపాకు మీఠో లీమ్డో. వంకాయ రీంగణ్, సొరకాయ దూధీ, బెండకాయ భీండా, చింతపండు ఆమ్లీ. ఎండాకాలం ఇక్కడివాళ్లు ఏడాదికి సరిపడా గోధుమలు, మిరపపొడి, పసుపు, ధనియాలు కొని దాచుకుంటారు. మనం ఆవకాయ పెట్టే రోజులే అవి. గల్లీలో నలుగురూ కలిసి మిరపకాయలు కొనేటప్పుడు ఆమెను కూడా పంపండి. మిరపకాయ ఎంపికలో మన ఆడవాళ్ల మాటకు ఎక్కడైనా విలువ ఉంటుంది. కొత్తచోట నలుగురు తన మాట వినడం చిన్న విషయం కాదు.

నాలుగో మెట్టు: దారులు

దీన్ని మూడు విడతలుగా చేయాలి. మొదటిసారి మీరు ముందు నడవండి, ఆమె చూస్తుంది. రెండోసారి ఆమె ముందు నడుస్తుంది, మీరు వెనక నోరు మూసుకుని నడవండి. దారి తప్పితే తప్పనివ్వండి, అడిగి తెలుసుకోనివ్వండి. మూడోసారి ఆమె ఒక్కతే. చాలామంది భర్తలు మొదటి విడత దగ్గరే ఆగిపోయి, "ఎన్నిసార్లు చూపించినా దారి గుర్తుండదు" అంటారు. బండి వెనక కూర్చుని చూసిన దారి ఎవరికీ గుర్తుండదు. నడిపించండి.

వీధుల పేర్లు చెప్పొద్దు, గుర్తులు చెప్పండి. లింబాయత్‌లో అందరికీ తెలిసిన గుర్తు గర్‌నాళా, రైలు పట్టాల కింది దారి. వాన గట్టిగా పడితే అక్కడ నీళ్లు నిలుస్తాయి, కాబట్టి ఆ రోజుల్లో ఇంకో దారి ఏదో కూడా తెలిసి ఉండాలి.

దూరాలు ఈ వరసలో పెంచండి: ముందు పాల కొట్టు, కిరాణా. అక్కడ సుముల్ పాల ప్యాకెట్ రోజూ ఆమే తెచ్చుకోవాలి. తర్వాత కూరగాయల బజారు. తర్వాత అంగన్‌వాడీ, రేషన్ దుకాణం. నెల దాటాక బ్యాంకు. ఆ తర్వాత ఆసుపత్రి: నగరపాలక సంస్థ నడిపే స్మీమేర్ సహారా దర్వాజా వైపు ఉంది, రాష్ట్ర ప్రభుత్వపు న్యూ సివిల్ మజూరా గేట్ దగ్గర. జబ్బు చేసినప్పుడు మొదటిసారి వెతుక్కోకూడదు, బాగున్నప్పుడే ఒకసారి వెళ్లి చీటీ ఎక్కడ రాయించాలో చూసి రావాలి. చివరిది సూరత్ రైల్వే స్టేషన్, రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లు.

సిటీ బస్సులు, బీఆర్‌టీఎస్ బస్సులు ఉన్నాయి. షటిల్ ఆటోలో అయితే పర్సు ఒళ్లో ముందుకు పెట్టుకోమనండి. దిగాల్సిన చోట "ఊభీ రాఖో" అంటే చాలు.

అయిదో మెట్టు: ముందు హిందీ, తర్వాత గుజరాతీ

గుజరాత్ వచ్చి హిందీ నేర్చుకోవడమేమిటని కొందరు పెద్దలు కోప్పడతారు. లింబాయత్ వీధిలో అరగంట నిలబడితే తెలుస్తుంది. ఖాందేశ్ నుంచి వచ్చిన మరాఠీలు, ఉర్దూ మాట్లాడేవాళ్లు, ఒడియావాళ్లు, ఉత్తరాది వాళ్లు, మనవాళ్లు అందరూ కలిసేది హిందీలోనే. తెలంగాణ అమ్మాయికి హిందీ ఎంతో కొంత చెవిన పడి ఉంటుంది. కోస్తా నుంచి వచ్చిన అమ్మాయికి ఇంకొంచెం సమయం ఇవ్వాలి. మొదటి మూడు నెలలు దానితో నెట్టుకురావచ్చు.

గుజరాతీ కావలసింది ఆఫీసు కిటికీల దగ్గర, బడి నోటీసుల్లో, ఆసుపత్రి బోర్డుల మీద. బడిలో హిందీ అక్షరాలు నేర్చుకున్నవాళ్లకు గుజరాతీ లిపి పెద్ద కష్టం కాదు. తలకట్టు గీత తీసేస్తే చాలా అక్షరాలు పోల్చుకోవచ్చు, మిగిలినవాటికి దుకాణాల బోర్డులే వాచకం. అంకెలు మాత్రం మొదటి వారంలోనే నేర్పండి, ధర అక్కడే తేలుతుంది. బేరంలో దోఢ్‌సో అంటే నూట యాభై, అఢీసో అంటే రెండు వందల యాభై. కూరగాయలావిడ "అఢీసో?" అని అడిగితే అది రూపాయల లెక్క కాకపోవచ్చు, పావుకిలో తూచనా అని అడుగుతోందేమో చూసుకోవాలి.

మాటలు కొన్ని చాలు మొదట్లో. "కేటలా?" అంటే ఎంత. "ధీమే బోలో" అంటే మెల్లగా మాట్లాడండి. "మనే గుజరాతీ నథీ ఆవడ్తుం" అంటే నాకు గుజరాతీ రాదు. ఈ చివరి వాక్యం సిగ్గుపడకుండా చెప్పగలిగితే ఎదుటివాళ్లు వెంటనే హిందీలోకి దిగుతారు. వెళ్లేటప్పుడు "ఆవ్‌జో".

ఆమె తప్పులు మాట్లాడినప్పుడు పదిమందిలో నవ్వకండి. భర్త నవ్వితే ఆ భాష ఇక ఆమె నోటికి రాదు.

పేరు గురించి ఒక జాగ్రత్త ఇక్కడే చెప్పాలి. గుజరాత్‌లో ఆడవాళ్లను పేరు పక్కన "బెన్" చేర్చి పిలవడం మర్యాద. లక్ష్మి వారం తిరక్కుండా లక్ష్మీబెన్ అవుతుంది. పిలుపు బాగుంటుంది గానీ, అదే ఫారంలోకి ఎక్కితే తంటా. ఇక్కడి పద్ధతిలో ముందు ఇంటిపేరు, తర్వాత సొంత పేరు, తర్వాత తండ్రి లేదా భర్త పేరు రాస్తారు. మన ఆధార్‌లో భర్త పేరు ఆమె పేరులో భాగంగా ఉండదు. గుమాస్తా అలవాటు కొద్దీ బెన్ తగిలించి, మధ్యలోనో చివరో మీ పేరు చేర్చి రాసేస్తాడు. బ్యాంకులో ఒక పేరు, ఆసుపత్రి కార్డులో ఇంకో పేరు, రేపు బిడ్డ జనన ధ్రువపత్రంలో తల్లి పేరు మూడో రకం. "ఆధార్ ప్రమాణే లఖో", ఆధార్‌లో ఉన్నట్టే రాయండి, అని ఆమే చెప్పాలి. సంతకం పెట్టేముందు అక్షరం అక్షరం చూడటం కూడా ఆమే నేర్చుకోవాలి.

ఆరో మెట్టు: మనవాళ్లు కాని ఒక్క ఇల్లు

తెలుగువాళ్ల పరిచయాలు మీరు చేయకపోయినా అవే అవుతాయి. మీరు పూనుకుని చేయవలసింది తెలుగు రాని ఒక పొరుగింటి స్నేహం. మరాఠీ మావ్‌షీ అయినా సరే, గుజరాతీ మాసీ అయినా సరే, ఒడియా భాభీ అయినా సరే. ఊళ్లో లాగే ఒక గిన్నెతో మొదలవుతుంది, ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకపోవడం ఇక్కడ కూడా మర్యాదే.

దీనికి ఇంకో కారణం ఉంది, దాన్ని ఎవరూ పైకి చెప్పరు. తెలుగు గల్లీలో ప్రతి ఇల్లూ మీ అమ్మ తరఫునో మీ నాన్న తరఫునో చుట్టమే. ఆమె అక్కడ ఒక మాట అంటే సాయంత్రానికి మీ ఇంట్లో ఉంటుంది. మనసులో మాట ఎవరికైనా చెప్పుకోవాలంటే మన బంధుత్వాలతో పని లేని మనిషి ఒకరు కావాలి. అత్తమ్మలకు ఈ మెట్టు నచ్చదని నాకు తెలుసు.

ఏడో మెట్టు: చేతిలో డబ్బు

పగార్ ఏ తేదీల్లో వస్తుంది, మీటరుకు ఎంత, సేఠ్ దగ్గర బాకీ ఎంత ఉంది, ఊరికి ఎంత పంపుతున్నారు, ఇవన్నీ ఆమెకు తెలియాలి. ఆమె పేరున బ్యాంకు ఖాతా, ఆమె ఫోన్ నంబరుతోనే, తెరిపించండి. నెలకు ఇంత అని ఆమె లెక్క చెప్పక్కర్లేని డబ్బు కొంత ఉండనివ్వండి.

ఇంట్లో కూర్చుని చేసే జాబ్‌వర్క్ ఈ గల్లీల్లో ఎప్పుడూ దొరుకుతుంది. చీరలకు లేస్ కుట్టడం, స్టోన్ అంటించడం, ధాగా కత్తిరించడం. మూట గుమ్మంలోకే వస్తుంది కాబట్టి అందరూ దీన్నే మెచ్చుకుంటారు. నేను అంతగా మెచ్చుకోను. కన్నూ నడుమూ అరిగిపోతాయి, రేటు చీరకు ఇంత అని పైసల దగ్గర తేలుతుంది, పైగా ఆమె గడప దాటదు. అయినా చేతికి డబ్బు రావడం చిన్నదేమీ కాదు కాబట్టి, చేస్తానంటే చేయనివ్వండి. మూట దింపకముందే రేటు మాట్లాడుకోవాలి. తేదీ, చీరల లెక్క, రావలసిన డబ్బు ఒక నోటు పుస్తకంలో రాసి తెచ్చినవాడి చేత సంతకం పెట్టించుకోవాలి. పని ఇస్తామని ముందే డిపాజిట్ అడిగేవాళ్లకు నమస్కారం పెట్టి పంపేయాలి.

మెమోలు తెచ్చుకున్నది ఇప్పుడు అక్కరకొస్తుంది. చదువు మధ్యలో ఆగినవాళ్లకు పది, ఇంటర్ స్థాయిలో జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, ఆపైన ఇగ్నో ఉన్నాయి. డిగ్రీ ఉండి, ట్యాలీ, జీఎస్‌టీ లెక్కలు నేర్చుకుంటే బట్టల మార్కెట్ ఊరిలో లెక్కలు రాసేవాళ్లకు పని కొదవ ఉండదు.

ఎనిమిదో మెట్టు: పండుగలు

కొత్తచోట మనిషి మొదట ఓడిపోయేది పండుగ రోజునే. కాబట్టి మొదటి ఏడాది పండుగల్ని ముందే లెక్క వేసుకోండి.

సూరత్ ఈ విషయంలో మనకు అనుకూలమైన ఊరు. గుజరాతీలు కూడా మనలాగే అమావాస్యతో నెల ముగిస్తారు, కాబట్టి నెలలూ తిథులూ కలుస్తాయి. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మ. మర్నాటి నుంచి ఊరంతా నవరాత్రి గర్బా. ఆ తొమ్మిది రాత్రుల్లో వలయంగా తిరుగుతూ చప్పట్లు కొట్టే ఆడవాళ్లను చూసి ఇక్కడెవరూ వింతపడరు. తంగేడు గుజరాత్ నేలలో కూడా పెరిగే పొదే, ఇక్కడ ఆవళ్ అంటారు. ఊరి బయట చేల గట్ల వైపు వెతకాలి. దొరక్కపోతే బంతి, చామంతితో పేర్చుకోవచ్చు. బతుకమ్మకు పక్కింటి మావ్‌షీని పిలవమనండి, వాళ్ల గర్బాకు ఆమెను పంపండి. ఎనిమిది తొమ్మిది నెలలుగా తలవంచుకుని తిరిగిన అమ్మాయి మొదటిసారి గొంతు విప్పేది సాధారణంగా ఈ రోజుల్లోనే.

ఉగాది నాడు మరాఠీ ఇళ్ల మీద గుడీ పాడ్వా జెండా ఎగురుతుంది, ఆ పూట మనది ఒంటరి పండుగ కాదు. గుజరాతీల కొత్త సంవత్సరం మాత్రం దీపావళి మర్నాడు. ఆ తర్వాత లాభ్ పంచమిదాకా మార్కెట్లు మూతపడతాయి, సాంచాలు చాలావరకు ఆగుతాయి, ఊరికి పోయేవాళ్లంతా ఒక్కసారే కదులుతారు. విజయవాడ, ఖమ్మం, వరంగల్, రామగుండం మీదుగా నడిచే నవజీవన్‌లో అప్పుడు కాలు పెట్టే చోటుండదు. ఇప్పుడు టికెట్లు ప్రయాణానికి 60 రోజుల ముందే తెరుస్తున్నారు. ఆ తేదీని గోడ క్యాలెండర్ మీద ఆమె చేతే గుర్తు పెట్టించండి.

జనవరి 14, 15 తేదీల్లో ఉత్తరాయణ్. మేడలన్నీ గాలిపటాలతో నిండుతాయి, ఉంధియూ కూర వాసన వస్తుంది, అంతా బాగుంటుంది. కానీ రోడ్డు మీద తెగిన మాంజా మెడకు చుట్టుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ఆ రోజుల్లో బండి మీద ముందు పిల్లల్ని కూర్చోబెట్టొద్దు, మెడకు గుడ్డ చుట్టుకోకుండా బయలుదేరొద్దు.

ఊరి నుంచి వచ్చే బావలకు, బామ్మర్దులకు ఒక మాట ముందే చేరవేయండి: 1960లో రాష్ట్రం ఏర్పడ్డప్పటి నుంచి గుజరాత్‌లో మద్యనిషేధం ఉంది. పండుగ సంచిలో సీసా తెస్తే ఇబ్బంది పడేది వాళ్లొక్కరే కాదు.

తొమ్మిదో మెట్టు: ఒళ్లు, మనసు

గర్భం నిలిచిన వెంటనే అంగన్‌వాడీలో పేరు రాయించి మమతా కార్డు తీసుకోవాలి. టీకాలు, బరువు, పరీక్షలు అన్నీ అందులో ఎక్కుతాయి. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లడం మన ఆనవాయితీ కాబట్టి ఆ కార్డు, స్కానింగ్ కాగితాలు ఫోటోలు తీసి ఫోన్‌లో కూడా పెట్టుకోవాలి. కాన్పు ఎక్కడ జరిగితే జనన నమోదు అక్కడే. ఆ ధ్రువపత్రం లేకుండా సూరత్ తిరిగి రావొద్దు.

మొదటి వారాల్లో ఏడుపు రావడం మామూలే, దానికి కంగారు పడక్కర్లేదు. రెండు వారాలు దాటినా తిండి, నిద్ర సరిగా లేకపోతే, ఇష్టమైన పనుల మీద కూడా మనసు పోకపోతే, బతకాలని లేదన్న మాట ఒక్కసారి వచ్చినా, అది బెంగ అని కొట్టిపారేయకండి. టెలీ మానస్ సహాయవాణి 14416 రోజంతా పనిచేస్తుంది, డబ్బు కట్టనక్కర్లేదు, భాష ఎంచుకునే వీలుంది. స్మీమేర్‌లోనూ న్యూ సివిల్‌లోనూ మానసిక వైద్యులు ఉంటారు.

ఇంకో నంబరు 181. గుజరాత్‌లో ఆడవాళ్లకోసం నడిచే అభయం సహాయవాణి. ఇంట్లో వాళ్ల వల్లే ఆపద వచ్చినా దానికి ఫోన్ చేయొచ్చు. ఈ నంబరు భర్తే స్వయంగా ఆమె ఫోన్‌లో ఎక్కించాలని నేనంటాను. దానికి వెనకాడే భర్త ఎందుకు వెనకాడుతున్నాడో తనకే తెలియాలి.

పదో మెట్టు: బడి

పిల్లల్ని తెలుగు మాధ్యమంలో వేస్తే ఇంట్లో ఆమె చదివించగలదు. ఎనిమిదో తరగతి తర్వాత దగ్గర్లో ఏ మాధ్యమం ఉందో ముందే అడిగి తెలుసుకోండి. ఏ మాధ్యమమైనా, 2023లో వచ్చిన చట్టం ప్రకారం గుజరాత్ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా గుజరాతీ చెప్పి తీరాలి. ఒకటో తరగతి గుజరాతీ వాచకం ఇంటికి వచ్చిన రోజున తల్లి కూడా పలక పట్టుకుని కూర్చుంటే, రెండేళ్లలో ఆఫీసు నోటీసు చదవగలదు. బడి మీటింగుకు మీ బదులు ఆమెనే పంపండి.

హజీరా వైపు ఉండేవాళ్లకు, భార్య వెంట వచ్చిన భర్తలకు

ఇప్పటిదాకా చెప్పింది సాంచాల గల్లీ కథ. హజీరా కర్మాగారాల్లో ఇంజనీర్లుగా, ఎస్‌వీఎన్‌ఐటీ ఇంజనీరింగ్ కాలేజీలో అధ్యాపకులుగా వచ్చిన తెలుగువాళ్ల ఇళ్లలో కష్టం తలకిందులుగా ఉంటుంది. గది ఇరుకు కాదు, మనుషులే ఉండరు. టౌన్‌షిప్‌లోనో అడాజణ్ అపార్ట్‌మెంట్‌లోనో తలుపు మూస్తే సాయంత్రం దాకా ఎవరూ తట్టరు. వాళ్లకు పై మెట్లలో ఆరోది, ఎనిమిదోది ముందు చేయాలి. బతుకమ్మకు లింబాయత్ రావడానికి నామోషీ పడకూడదు.

బ్యాంకు బదిలీ మీద ఆమె సూరత్ వస్తే, ఊళ్లో ఉద్యోగం వదులుకుని అతను వెంట వచ్చిన ఇళ్లు కూడా ఉన్నాయి ఇప్పుడు. ఆమెకు ఆఫీసులో మేడమ్ అనే పిలుపు, నలుగురు తోటివాళ్లు మొదటి రోజే దొరుకుతారు. అతన్ని వాచ్‌మన్ "మేడమ్ కే హస్బెండ్" అంటాడు. ఆ మాటకు అతను నవ్వుతాడు గానీ సాయంత్రం ముభావంగా ఉంటాడు. మెట్లన్నీ అతనికీ ఇవే, మనసు సంగతితో సహా. కూరగాయల బజారుతో మొదలుపెట్టించండి. మగవాళ్లు ఆ మెట్టు దాటేసి నేరుగా మార్కెట్లో ఉద్యోగం వెతకబోతారు, అఢీసో అంటే ఎంతో తెలియకుండానే.